డ్యుయోలింగో కొనాలా, పియర్సన్ కొనాలా, అసలు కొనాలా?

డల్లాస్‌లో ఉండే మా బాబాయి కొడుకు 2025 నవంబరులో ఒక రాత్రి మెసేజ్ పెట్టాడు. "అన్నా, డ్యుయోలింగో ఒక్క రోజులో పాతిక శాతం పడింది. మేలో 540 డాలర్ల దాకా వెళ్ళిన షేరు ఇప్పుడు 200 లోపు. కొనెయ్యనా?" దాని కిందే ఇంకోటి: "ఏఐ వచ్చి వీళ్ళ దుకాణం మూయించేస్తుందంటావా?"

కొనెయ్యమని గానీ వద్దని గానీ ఒక్క ముక్కలో తేల్చే విషయం కాదది. భాషలు నేర్పే యాప్‌ల వ్యాపారం మీద డబ్బు పెట్టాలనుకునేవాడి ముందు నాలుగు దారులున్నాయి: డ్యుయోలింగో, పియర్సన్, చెగ్, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్. వాడికి ఫోన్‌లో గంటసేపు చెప్పింది ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను. అంకెలన్నీ 2025 మూడో త్రైమాసికం దాకా వచ్చినవి. నేను సెబీ దగ్గర రిజిస్టరైన సలహాదారుణ్ణి కాను, నా డబ్బు ఎక్కడ పెట్టాలో ఆలోచించుకునే మామూలు మనిషిని.

ముందు ఏం చూడాలి

మా పిన్ని గుంటూరులో ఉంటుంది. రోజూ రాత్రి టీవీ కట్టేశాక కళ్ళజోడు పెట్టుకుని డ్యుయోలింగో వాళ్ళ ఆకుపచ్చ గుడ్లగూబ యాప్ తెరుస్తుంది. తెలుగు నుంచి ఇంగ్లీషు నేర్పే కోర్సు. స్ట్రీక్, అంటే ఒక్క రోజూ తప్పకుండా పాఠం చేసిన వరస, నాలుగు వందల రోజులు దాటింది. ఆ మధ్య తిరుమల వెళ్ళినప్పుడు, క్యూ కాంప్లెక్స్‌లోకి పోయే ముందు ఫోన్ డిపాజిట్ చెయ్యాలి కదా, కౌంటర్ దగ్గర లైన్లో నిలబడే ఆ రోజు పాఠం ముగించి మరీ ఫోన్ ఇచ్చింది. ఇంగ్లీషు ఎంత వచ్చింది పిన్నీ అంటే నవ్వేస్తుంది. స్ట్రీక్ మాత్రం తెగనివ్వదు. ఇంతవరకు కంపెనీకి ఒక్క రూపాయి కట్టలేదు.

నేను చూసే మొదటి కొలత ఇక్కడే ఉంది: కంపెనీ నిజంగా ఏం అమ్ముతోంది? పైకి అందరూ భాషే అమ్ముతున్నట్టు కనిపిస్తారు. పిన్ని కొనుక్కుంటున్నది అలవాటు. అమీర్‌పేట్‌లో పీటీఈ అనే ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్‌కి పోయే కుర్రాడు కొనుక్కునేది వీసా ఫైల్లో పెట్టుకునే స్కోరు. ఈ రెంటికీ పోటీ వేరు, ఏఐ వల్ల తగిలే దెబ్బ వేరు.

రెండోది, డబ్బు కట్టేవాళ్ళు ఎందరు, వచ్చే ఏడు కూడా కడతారా? మూడోది, ఏఐ వల్ల వీళ్ళకు తగ్గేది ఖర్చా, గిరాకీయా? నాలుగోది, ప్రభుత్వాల చేతిలో వీళ్ళ జుట్టు ఎంత చిక్కుకుంది? ధర ఆఖరున చూడాలి. మావాడు అక్కడి నుంచే మొదలుపెట్టాడు, చాలామందిలాగే.

డ్యుయోలింగో: అలవాటు అమ్మే కొట్టు

2011లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మొదలైంది. పెట్టింది ఇద్దరు: గ్వాటెమాలాలో పుట్టిన లూయిస్ వాన్ ఆన్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన సెవెరిన్ హాకర్. వెబ్‌సైట్లలో వంకరటింకర అక్షరాలు చదివి టైప్ చెయ్యమనేవాళ్ళు గుర్తుందా? ఆ రీక్యాప్చా వాన్ ఆన్ చేసిందే, 2009లో గూగుల్ కొనేసింది. జనం ఊరికే చేసే పనిలోంచి డబ్బు తియ్యడం ఆయనకు ముందు నుంచీ వచ్చిన విద్య. డ్యుయోలింగో కూడా అలాగే మొదలైంది: నేర్చుకునేవాళ్ళ చేత వార్తలు అనువాదం చేయించి సీఎన్ఎన్, బజ్‌ఫీడ్‌లకు అమ్మారు. అది నిలబడలేదు. తర్వాత ప్రకటనలు, ఆ తర్వాత చందాలు. ఇప్పుడు నూరు డాలర్ల ఆదాయంలో 80కి పైగా చందాలదే.

2021 జులైలో షేరు 102 డాలర్లకు ఐపీఓకి, అంటే తొలిసారి జనానికి షేర్లు అమ్మడానికి, వచ్చింది. అప్పుడు రోజూ యాప్ తెరిచేవాళ్ళు 90 లక్షల చిల్లర. 2025 మూడో త్రైమాసికానికి 5 కోట్లు దాటారు. ఆదాయం 2021లో 25 కోట్ల డాలర్లు, 2023లో 53 కోట్లు, 2024లో దాదాపు 75 కోట్లు. ఏడాది మొత్తం మీద లాభం చూసింది మొదటిసారి 2023లో. చేతిలో వంద కోట్ల డాలర్ల చుట్టుపక్కల నగదు ఉంది, చెప్పుకోదగ్గ అప్పు లేదు. ఇంతవరకు ముచ్చటగానే ఉంది.

మరి షేరు ఎందుకు పడింది? రోజువారీ వాడకందార్ల పెరుగుదల వరసగా చూడండి. 2024 ఆఖరి త్రైమాసికంలో 51 శాతం. ఆ తర్వాత 49, 40, 36. మనుషులు తగ్గలేదు, పెరిగే వేగం తగ్గింది. 50 శాతం పెరుగుతుందని ధర కట్టినవాడికి 36 అంటే గుండెల్లో రాయి పడ్డట్టే. పైగా నవంబరులో కంపెనీయే చెప్పింది: ఇప్పటికిప్పుడు డబ్బు పిండుకోవడం కన్నా జనాన్ని పెంచుకోవడానికే పెద్దపీట వేస్తామని. దీర్ఘకాలానికి అది సరైన మాటే అని నా అభిప్రాయం. కాకపోతే వచ్చే నాలుగైదు త్రైమాసికాల లాభాలు అనుకున్నంత ఉండవని కూడా అందులోనే ఉంది. ఆ మాట మెచ్చుకుంటూనే లాభం రాలేదని గొణిగేవాళ్ళు ఈ షేరు జోలికి రాకపోవడం మంచిది.

నెలకోసారైనా తెరిచేవాళ్ళు 13.5 కోట్లు. అందులో డబ్బు కట్టేవాళ్ళు కోటి 15 లక్షలు. అంటే నూటికి తొమ్మిది మంది లోపే. మిగతా తొంభై పైచిలుకు మా పిన్ని లాంటివాళ్ళు. వీళ్ళు దండగ అనుకోకండి. ఈ కంపెనీకి పెద్దగా ప్రకటనల ఖర్చు లేకుండా జనం వచ్చేది వీళ్ళ వల్లే, ఒకరి స్ట్రీక్ చూసి ఇంకొకరు. పిన్నిని చూసి పక్కింటావిడ మొదలుపెట్టింది. పట్టుకోవాల్సిన తూకం ఇక్కడే ఉంది: ఉచితంగా వాడేవాళ్ళను ఇబ్బంది పెడితే చందాలు పెరుగుతాయి, ఇబ్బంది మరీ ఎక్కువైతే వాళ్ళే పోతారు. ఉచితంగా ఎంతసేపు ఆడనివ్వాలో తేల్చే పాత హృదయాల పద్ధతి 2025లో తీసేసి 'ఎనర్జీ' పెట్టినప్పుడు వాడకందార్లలో చాలామంది గొణిగింది అందుకే.

ఇప్పుడు ఏఐ సంగతి. 2025 ఏప్రిల్‌లో కంపెనీ ఒక్కసారిగా 148 కొత్త కోర్సులు తెచ్చింది. తెలుగువాళ్ళకు జపనీస్, కొరియన్ లాంటివి నేర్పేవి కూడా అందులోనే. మొదటి వంద కోర్సులకు పన్నెండేళ్ళు పట్టిందని, ఇవి సుమారు ఏడాదిలోనే అయ్యాయని వాన్ ఆనే చెప్పారు. ఇన్వెస్టర్లు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ వాక్యం రెండోసారి చదివితే కాస్త టెన్షన్ వచ్చింది. వీళ్ళకు ఏడాదిలో అయింది పక్కవాడికీ ఏడాదిలో అవుతుంది కదా! కోర్సులే ఈ కంపెనీ ఆస్తి అయితే ఆ ఆస్తి ధర పడిపోయినట్టే. 2025 ఆగస్టు 7న ఇదే కళ్ళకు కట్టింది. మంచి ఫలితాలు వచ్చాయని పొద్దున షేరు 30 శాతం దాకా ఎగిరింది. అదే రోజు చాట్‌జీపీటీ చేసే ఓపెన్ఏఐ వాళ్ళు తమ కొత్త మోడల్ జీపీటీ-5 విడుదల చేస్తూ, చూస్తుండగానే ఫ్రెంచ్ నేర్పే యాప్ ఒకటి తయారుచేసి చూపించారు. సాయంత్రానికి ఆ పెరుగుదలలో చాలా భాగం కరిగిపోయింది.

నేనైతే ఆ డెమో చూసి భయపడను. ఆ ఫ్రెంచ్ యాప్ ఎవరైనా చెయ్యగలరు. తిరుమల క్యూలో ఫోన్ ఇచ్చే ముందు గుర్తొచ్చేలా చెయ్యడం వేరే పని. కానీ అలవాటు కూడా పోయేదే. ఫేస్‌బుక్‌కు ముందు అందరూ వాడిన ఆర్కుట్ అలవాటు ఏమైందో మనకు తెలుసు.

చవకగా కనిపించే పీఈ

పీఈ అంటే షేరు ధరను షేరుకు వచ్చే ఏడాది లాభంతో భాగిస్తే వచ్చే అంకె. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మావాడు పడబోయింది ఇక్కడే. "అన్నా, పీఈ చూడు, ఇంత పెరిగే కంపెనీకి ఇంత తక్కువా?" అన్నాడు. 2025 మూడో త్రైమాసికంలో నికర లాభం 29.2 కోట్ల డాలర్లని కనిపిస్తుంది. అందులో 22.3 కోట్లు పన్నుల లెక్కల్లో ఒకేసారి కలిసివచ్చిన మొత్తం. వ్యాపారం చేసి సంపాదించింది కాదు, మళ్ళీ రాదు. అది తీసేస్తే మిగిలేది ఏడు కోట్లు. స్టాక్ యాప్‌లు ఈ తేడా చెప్పవు, మొత్తం లాభం వేసి భాగించేస్తాయి. ఆ త్రైమాసికం లెక్కలో ఉన్నంతకాలం ఏడాది పీఈ ఇలాగే చవకగా కనిపిస్తుంది.

ఇంకోటి బుకింగ్స్. ఒక వారపత్రికకు ఏడాది చందా 1,200 రూపాయలు కట్టారనుకోండి. డబ్బు ఈరోజే వచ్చింది, అది బుకింగ్. ఆదాయం కింద మాత్రం నెలకు వందే రాసుకోవాలి, పత్రిక పంపిన కొద్దీ. డ్యుయోలింగోదీ అదే లెక్క. అందుకే చందాలు కట్టడం తగ్గితే ముందు బుకింగ్స్‌లో తెలుస్తుంది, ఆదాయంలో చాలా ఆలస్యంగా. ఫలితాల రోజు అందరూ ఆదాయం హెడ్‌లైన్ చూస్తారు. మీరు బుకింగ్స్ లైను చూడండి.

ఓట్ల విషయం కూడా ఒక మాట. వ్యవస్థాపకుల చేతిలో ఉన్న బి క్లాస్ షేరుకు 20 ఓట్లు, మనం కొనే ఏ క్లాస్ షేరుకు ఒకటి. వాన్ ఆన్ మీద నమ్మకం లేకపోతే వేరే చోటు చూసుకోవాలి.

పియర్సన్: సర్టిఫికెట్ అమ్మే కొట్టు

లండన్ మార్కెట్‌లో నమోదైన పాత కంపెనీ. న్యూయార్క్‌లోనూ దీని ఏడీఆర్, అంటే ఆ షేరుకు బదులుగా డాలర్లలో కొనే పత్రం, దొరుకుతుంది. 2024 ఆదాయం సుమారు 355 కోట్ల పౌండ్లు. ఇంగ్లీషు నేర్పే విభాగం అందులో పదో వంతుకు కాస్త పైన. 2022లో రొమేనియాకు చెందిన మోండ్లీ అనే యాప్‌ను కొంది గానీ, మన వాళ్ళకు పియర్సన్ అంటే పీటీఈనే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగితే బోర్డులు కనిపిస్తాయి.

పీటీఈ సరదాకి రాసేవాడు ఎవడూ ఉండడు. ఆస్ట్రేలియా వెళ్ళాలి, స్కోరు కావాలి, అంతే. చాట్‌జీపీటీ ఎంత బాగా ఇంగ్లీషు నేర్పినా ఎంబసీకి చూపించే కాగితం ఇవ్వలేదు. మొదటి మూడు కొలతల్లో పియర్సన్ గట్టిగా నిలబడేది అందుకే. నాలుగోదాంట్లో బోల్తా పడుతుంది. 2024లో కెనడా విద్యార్థి పర్మిట్లకు పరిమితి పెట్టింది, ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా ఫీజు 710 ఆస్ట్రేలియన్ డాలర్ల నుంచి 1,600కు పెంచింది. ఆ ఏడాది పీటీఈ రాసేవాళ్ళు తగ్గారు. ఒక మంత్రి సంతకంతో గిరాకీ మారిపోయే వ్యాపారమిది.

డ్యుయోలింగోకూ ఒక పరీక్ష ఉంది. ఇంట్లో కూర్చుని 70 డాలర్లకు రాయొచ్చు, సెంటర్‌కి పోయి రాసే పీటీఈతో పోలిస్తే ఖర్చు సగం కూడా కాదు. అమెరికా యూనివర్సిటీలు చాలా ఒప్పుకుంటాయి. కానీ యూకే ప్రభుత్వం వీసాకు ఒప్పుకునే పరీక్షల జాబితాలో పీటీఈ ఉంది, ఇది లేదు. ఈ పరీక్ష ఎంత పెరిగినా డ్యుయోలింగో ఆదాయంలో చిన్న ముక్కే.

పియర్సన్ డివిడెండు ఇస్తుంది. రెట్టింపయ్యే షేరు కాదు, సగమయ్యే షేరూ కాదనుకుంటాను. దాంట్లో పెద్ద భాగం స్కూలు పరీక్షలు, ఉద్యోగాల సర్టిఫికేషన్లు. కాబట్టి 'భాష నేర్పే వ్యాపారం మీద పందెం' అని పియర్సన్ కొంటే కందిపప్పు కోసం భోజనం మొత్తం కొన్నట్టు.

చెగ్: దిగువన మిగిలింది

చెగ్ అమెరికా కాలేజీ పిల్లలకు హోంవర్క్ సాయం అమ్మేది. 2022 మొదట్లో బుసూ అనే భాషల యాప్‌ను దాదాపు 43.6 కోట్ల డాలర్లకు కొంది. 2021 ఫిబ్రవరిలో చెగ్ షేరు 110 డాలర్ల పైన. 2023 మే 2న, చాట్‌జీపీటీ తమ కొత్త చందాలకు గండి కొడుతోందని ఒప్పుకున్న మర్నాడు, ఒక్క రోజులో దాదాపు సగం పోయింది. 2025 అక్టోబరులో 45 శాతం ఉద్యోగులను తీసేసి, ఇక బుసూ, నైపుణ్యాల కోర్సుల మీదే దృష్టి పెడతామంది. అప్పటికి షేరు డాలరు చుట్టుపక్కల. బుసూకు పెట్టిన డబ్బులో సగం విలువ కూడా మొత్తం చెగ్‌కు లేదు.

ఈ లెక్క చూసి నోరూరేవాళ్ళు ఉంటారు. నేను ముట్టుకోను. తిరునాళ్ళలో బొమ్మల పందెం ఆడినట్టు, పోతే పోయిందనుకునే డబ్బుతో తప్ప.

ఆల్ఫాబెట్: అవతలి గట్టు

భాష నేర్పే పని ఏఐ చేతికి పోతుందని గట్టిగా నమ్మితే ఆ ఏఐ ఉన్నవాడినే కొనుక్కోవచ్చు. 2025 ఆగస్టులో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో మాట్లాడటం సాధన చేసే సదుపాయం పెట్టారు, ఉచితంగా. కానీ గూగుల్ ఆదాయంలో ఇది సముద్రంలో కాకిరెట్ట. ఆల్ఫాబెట్ కొనడానికి మంచి కారణాలు చాలా ఉన్నాయి, భాషలు వాటిలో ఒకటి కాదు.

కొనడానికి దొరకని పోటీదార్లూ ఉన్నారు. బెర్లిన్ కంపెనీ బాబెల్ 2021 సెప్టెంబరులో ఐపీఓ వాయిదా వేసుకుంది. ఏఐతో మాట్లాడించే స్పీక్ 2024 డిసెంబరులో వంద కోట్ల డాలర్ల విలువ మీద పెట్టుబడి తెచ్చుకుంది. డ్యుయోలింగోకు నిజమైన తలనొప్పి గూగుల్ కన్నా ఇలాంటివాళ్ళ నుంచే అని నా అనుమానం. ఉచితంగా వాడేవాళ్ళ జోలికి వీళ్ళు రారు, డబ్బు కట్టే ఆ తొమ్మిది మందినే పిలుస్తారు.

| | డ్యుయోలింగో | పియర్సన్ | చెగ్ | ఆల్ఫాబెట్ |
|---|---|---|---|---|
| అమ్మేది | అలవాటు | వీసాకు పనికొచ్చే స్కోరు | బుసూ, కోర్సులు | ప్రకటనలు, క్లౌడ్ |
| మొత్తంలో భాషల వాటా | దాదాపు అంతా | పదో వంతుకు కాస్త పైన | పెరుగుతున్న భాగం | లేనట్టే |
| ఏఐ వల్ల | ఖర్చు తగ్గుతుంది, పోటీ పెరుగుతుంది | పరీక్షలకు భయం తక్కువ | ఇప్పటికే దెబ్బతింది | లాభపడే వైపు |
| వీసా నిబంధనలతో చిక్కు | కొద్దిగా | బాగా | లేదు | లేదు |
| డివిడెండు | లేదు | ఉంది | లేదు | కొద్దిగా |
| ఊగిసలాట | చాలా ఎక్కువ | తక్కువ | చెప్పలేం | మధ్యస్థం |

ఎవరికి ఏది

అమెరికాలో ఉద్యోగం చేస్తూ కంపెనీ ఇచ్చిన గూగుల్, మైక్రోసాఫ్ట్ షేర్లు పోగైనవాళ్ళు మనలో బోలెడు మంది. మీకు ఆల్ఫాబెట్ దారి గురించి ఆలోచనే అక్కర్లేదు, ఆ గట్టు మీద ఇప్పటికే ఇల్లు కట్టేశారు. మీకు డ్యుయోలింగో కొద్దిగా కొనడంలో అర్థముంది, మొత్తం పెట్టుబడిలో నూటికి రెండు మూడు మించకుండా, రెండేళ్ళలో నాలుగైదు విడతలుగా. పాతిక శాతం పడిన రోజే మొత్తం గుమ్మరించొద్దు. ఇలాంటి షేరు అలా పడటం ఇదే ఆఖరు కాదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి కొనేవాళ్ళకు లెక్క మారుతుంది. విదేశాలకు డబ్బు పంపనిచ్చే ఆర్‌బీఐ పథకం ఎల్ఆర్ఎస్ కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు గానీ, ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్ అని ముందే పన్ను పట్టుకుంటారు. తర్వాత రిటర్నులో సర్దుకోవచ్చు, అప్పటిదాకా డబ్బు ఇరుక్కున్నట్టే. రెండేళ్ళు దాటి అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, ఆలోపైతే మీ ఆదాయపు పన్ను శ్లాబు ప్రకారం. ఒక్క షేరు ఉన్నా రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాల్సిందే. యాభై వేల రూపాయల సరదా కోసం ఇంత తలనొప్పి ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రిటైరైన నాన్న డబ్బుతో కొంటున్నారా? పియర్సన్ తప్ప మిగతావి వదిలెయ్యండి. అదీ డివిడెండు కోసం, ముందు డిపాజిట్లు సరిపడా ఉంటేనే.

పడిందని కొనాలనిపించే వాళ్ళకు ఒక పాత సంగతి. రోసెట్టా స్టోన్ గుర్తుందా? పసుపుపచ్చ డబ్బాల్లో సీడీలు, అమెరికా ఎయిర్‌పోర్టుల్లో కొట్లు. భాష నేర్చుకోవడమంటే ఆ రోజుల్లో అదే. 2009 ఏప్రిల్‌లో 18 డాలర్లకు ఐపీఓ. ఫోన్లు వచ్చాయి, ఉచిత యాప్‌లు వచ్చాయి, చందాల్లోకి మారడానికి ఏళ్ళు పట్టింది. 2020లో షేరుకు 30 డాలర్ల చొప్పున వేరే కంపెనీ కొనేసింది. మునిగిపోలేదు. పదకొండేళ్ళు అట్టే పెట్టుకున్నవాడికి ఏడాదికి సగటున అయిదు శాతం లోపు వచ్చింది. మన పోస్టాఫీసు నయం.

మావాడు చివరికి పది షేర్లు కొన్నాడు. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మూడు అంకెలు చూసి నాకు పంపమన్నాను: రోజువారీ వాడకందార్ల పెరుగుదల, బుకింగ్స్, డబ్బు కట్టేవాళ్ళ సంఖ్య. పెరుగుదల వరసగా రెండుసార్లు 20 శాతం కిందికి వస్తే అమ్మకం గురించి మాట్లాడుకుందామన్నాను. "మరి ధర?" అన్నాడు. ధర వాడు ఎలాగూ రోజుకు పదిసార్లు చూస్తాడు.